తూకం చదవలేకపోతే ప్రోగ్రామ్ ఏమనాలి? రస్ట్‌లో ఎర్రర్‌ను ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడి నుంచి పైకి పంపాలి

కాటాగది, ఆదోని:

అందరికీ నమస్కారం. ఆదోని శివార్లలోని ఒక జిన్నింగ్ మిల్లులో నేను లెక్కల కంప్యూటర్లు చూసుకుంటున్నాను. పత్తి లోడుతో వచ్చే ట్రాక్టర్లను తూచే కాటాకు పోయిన సీజన్‌లో రస్ట్ భాషలో ఒక చిన్న ప్రోగ్రామ్ నేనే రాశాను. కాటా ఇండికేటర్ సీరియల్ కేబుల్ మీద సెకనుకు ఐదుసార్లు ఒక లైను పంపుతుంది. తూకం నిలకడగా ఉంటే ఎస్‌టీ అనీ, ఇంకా ఊగుతుంటే యూఎస్ అనీ, మోతాదు మించితే ఓఎల్ అనీ ఆ లైను మొదట్లో రెండక్షరాలుంటాయి, ఆ తరువాత కిలోలు వస్తాయి. ప్రోగ్రామ్ నిండు బండి తూకం ఒకసారి, పత్తి దించి వచ్చిన ఖాళీ బండి తూకం ఒకసారి తీసుకుని, తేడాను చీటీ మీద అచ్చు వేస్తుంది.

సంక్రాంతి దాటిన తరువాత ఒక సాయంత్రం ఒక పెద్దాయన చీటీ పట్టుకుని కాటాగదికి తిరిగి వచ్చాడు. "అయ్యా, ట్రాక్టరునూ ట్రాలీనీ కూడా పత్తి కిందనే రాసినారు, చూడండి" అన్నాడు. చీటీలో నిండు బండి 6,140 కిలోలు, ఖాళీ బండి 0, నికరం 6,140 కిలోలు అని ఉంది. బండిని మళ్లీ కాటా ఎక్కిస్తే ఖాళీ తూకం 3,620 వచ్చింది. అంటే ఆయన పత్తి 25 క్వింటాళ్ల 20 కిలోలు. ఆయన నిజాయితీ వల్ల ఆ రోజు లెక్క సరిపోయింది గానీ, తప్పు పూర్తిగా నా ప్రోగ్రామ్‌ది. లైనులో అక్షరాలు చెడి, దాన్ని అంకెగా మార్చడం కుదరనప్పుడు సున్నా తీసుకొమ్మని అన్‌ర్యాప్_ఆర్‌తో నేనే రాసి పెట్టాను.

భయపడి ఆ రాత్రే అలాంటివన్నీ తీసేసి, పదిహేడు చోట్ల అన్‌ర్యాప్ (విలువ రాకపోతే ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపేసేది) పెట్టాను. తప్పుడు చీటీలు ఆగిపోయాయి గానీ, మిల్లులో పెద్ద మోటార్లు మొదలైనప్పుడల్లా లైను చెడి ప్రోగ్రామ్ పానిక్ అయి మూతపడుతోంది, బండ్లు రోడ్డు దాకా నిలబడిపోతున్నాయి. మూడో ప్రయత్నంగా అన్నిచోట్లా ప్రశ్నార్థకం గుర్తు (ఎర్రర్‌ను పిలిచిన ఫంక్షన్‌కే తిప్పి పంపేది) పెట్టి, ఎర్రర్‌ను మెయిన్ దాకా, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్ దాకా పంపాను. ఇప్పుడు ప్రోగ్రామ్ ఆగినప్పుడు "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ, ఓఎస్ ఎర్రర్ 2" అనే ఒక్క ముక్క మాత్రమే కనిపిస్తోంది. నా ప్రోగ్రామ్ ఐదు ఫైళ్లు తెరుస్తుంది, అందులో ఏది దొరకలేదో ఆ ముక్క చెప్పదు. ఎర్రర్‌ను ఏ ఫంక్షన్‌లో పట్టుకోవాలి, ఏ ఫంక్షన్ నుంచి పైకి పంపాలి అనేదానికి మీరు పాటించే పద్ధతి ఏమిటో, ఎర్రర్ రకాలను ఎలా విడగొట్టుకోవాలో దయచేసి వివరంగా చెప్పండి.


పెన్నాతీరం, కడప:

మీరు చేసిన మూడు ప్రయత్నాల్లో మొదటిది మిగిలిన రెండింటికన్నా ఎంతో ప్రమాదకరమైనది కాబట్టి, దానితోనే మొదలుపెడతాను. కాటాకు సున్నా అనేది సక్రమమైన తూకం. కాటా మీద ఏమీ లేనప్పుడు అది రావలసిన అంకె అదే. చదవలేకపోయాననే మాటకు కూడా మీరు అదే అంకెను వాడినందువల్ల, ఆ తరువాత ఎంత జాగ్రత్తగా రాసిన ఫంక్షనైనా ఆ రెంటినీ వేరుచేయలేదు. సీ భాషలో చాలా ఏళ్లు పనిచేసినవాడిని కాబట్టి ఈ జబ్బు నాకు బాగా పరిచయం. అక్కడ ఏటూఐ అనే ఫంక్షన్‌కు అక్షరాలు ఇచ్చినా సున్నాయే వస్తుంది, సున్నా ఇచ్చినా సున్నాయే వస్తుంది. అందుకే జాగ్రత్త ఉన్నవాళ్లు స్ట్రటాల్ వాడి, మార్పిడి ఏ అక్షరం దగ్గర ఆగిందో చూసుకునేవారు. రీడ్ లాంటి సిస్టం కాల్ విఫలమైతే మైనస్ ఒకటి వస్తుంది, కారణం ఎర్ర్నోలో ఉంటుంది. ఆ కారణాన్ని వెంటనే తీసి దాచుకోకుండా మధ్యలో మరో లైబ్రరీ ఫంక్షన్‌ను పిలిస్తే, చివరికి ప్రింటెఫ్‌ను పిలిచినా సరే, అది మారిపోయే అవకాశం ఉంది.

రస్ట్ ఈ రెండు బాధలనూ ఒకేసారి తీర్చింది. విలువా వైఫల్యమూ ఒకే రిజల్ట్‌లో వస్తాయి, ఓకేనా (విలువ వచ్చింది) ఎర్రా (విఫలమైంది) అని చూడకుండా లోపలి విలువ చేతికి రాదు, వచ్చిన రిజల్ట్‌ను పట్టించుకోకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది. అయితే అన్‌ర్యాప్_ఆర్‌కు సున్నా ఇచ్చిన క్షణాన మనం రస్ట్‌లో ఏటూఐనే మళ్లీ రాసుకున్నట్టు. అన్‌ర్యాప్_ఆర్ ఎక్కడా వాడకూడదని నేను అనడం లేదు. సెట్టింగుల ఫైలులో చీటీకి ఎన్ని కాపీలు అచ్చు వేయాలో రాయకపోతే ఒకటి అనుకోవడం న్యాయమే. ఆ నిర్ణయాన్ని ఎవరు అడిగినా సమర్థించుకోగలం. తూకానికి అలాంటి సమర్థన లేదు.

ఇక ఎక్కడ పట్టుకోవాలనే ప్రశ్న. ప్రతి ఫంక్షన్ దగ్గరా ఆగి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ వైఫల్యం గురించి నిర్ణయం తీసుకోవడానికి కావలసిన సంగతులు ఈ ఫంక్షన్‌కు తెలుసా? తెలియకపోతే పైకి పంపాలి, పంపేటప్పుడు తనకు మాత్రమే తెలిసిన సంగతిని దానికి జతచేసి పంపాలి. మీ ప్రోగ్రామ్‌నే తీసుకుందాం. లైనును అంకెగా మార్చే ఫంక్షన్‌కు తన చేతిలోని బైట్లు తప్ప మరేమీ తెలియదు. అది ఎర్ ఇచ్చి ఊరుకోవాలి, ఆ చెడిన లైనును ఎర్రర్‌లో పెట్టి ఇవ్వాలి. దాని పైన పోర్టు నుంచి వరసగా లైన్లు చదివే ఫంక్షన్‌కు ఇంకొక సంగతి తెలుసు. సెకనులో ఐదోవంతు ఆగితే మరో లైను వస్తుంది. కాబట్టి ఒక చెడిన లైనును వదిలి తరువాతి దాన్ని చదవడానికి తగిన చోటు అదే, మోటార్ల వల్ల మీకు వచ్చే పానిక్ అక్కడే ఆగిపోవాలి. అయితే ఆ ఓపికకు ఒక హద్దు ఉండాలి. మూడు సెకన్లలో నిలకడైన తూకం ఒక్కటీ రాకపోతే అది కూడా ఎర్ ఇచ్చి పైకి పంపాలి. చీటీ తయారుచేసే ఫంక్షన్‌కు ఏ బండి, నిండుదా ఖాళీదా అనేది తెలుసు. ఆ ఎర్ దాని దగ్గరికి వచ్చినప్పుడు చీటీ అచ్చు వేయకుండా, బండిని పెండింగ్‌లో ఉంచి, కాటా గుమాస్తాకు చెప్పాలి. ప్రోగ్రామ్‌ను ఆపే అధికారం మెయిన్‌కే ఉండాలి, అది కూడా సెట్టింగుల ఫైలే లేకపోవడం లాంటి సందర్భాల్లో.

ఒక చిన్న సాంకేతిక మాట. లైను చదవడానికి మీరు రీడ్_లైన్ వాడుతుంటే, చెడిన బైట్లు యూటీఎఫ్-8 అనే అక్షరాల సంకేతపద్ధతికి సరిపోనప్పుడు అది ఇన్‌వ్యాలిడ్‌డేటా అనే ఎర్రర్ ఇస్తుంది. సీరియల్ పోర్టుకు అది తగదు. రీడ్_అంటిల్‌తో బైట్లుగానే చదివి, ఆ తరువాత మీరే పరీక్షించుకోండి. సిగ్నల్ వల్ల మధ్యలో ఆగిన రీడ్‌ను, అంటే ఇంటరప్టెడ్ అనే ఎర్రర్‌ను, అది తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది.


గుత్తిరోడ్డు, అనంతపురం:

పెన్నాతీరం గారు చెప్పిన దానికి కొనసాగింపుగా, ఎర్రర్ రకాల గురించి, ఆ "ఓఎస్ ఎర్రర్ 2" గురించి రాస్తాను.

ప్రశ్నార్థకం గుర్తు 2016 నవంబర్‌లో రస్ట్ 1.13తో వచ్చింది, అంతకు ముందు అదే పనికి ట్రై అనే మాక్రో ఉండేది. ఆ గుర్తు చేసే పని రెండే అంచెలు. ఓకే అయితే లోపలి విలువను చేతికిస్తుంది. ఎర్ అయితే ఫ్రమ్ ట్రెయిట్ (ఒక రకాన్ని మరో రకంగా మార్చే నియమం) ద్వారా దాన్ని మీ ఫంక్షన్ ప్రకటించిన ఎర్రర్ రకంలోకి మార్చి అక్కడికక్కడే వెనుదిరుగుతుంది. అది కొత్తగా ఏ సమాచారాన్నీ చేర్చదు. ఫైలు తెరిచే ఫంక్షన్ ఇచ్చే ఐవో (చదవడం, రాయడంలో వచ్చే) ఎర్రర్‌లో ఫైలు పేరు ఉండదని చాలామంది మొదటిసారి మీలాగే దెబ్బ తిన్న తరువాతే గమనిస్తారు. ఆపరేటింగ్ సిస్టం ఇచ్చిన సంఖ్య 2 మాత్రమే అందులో ఉంటుంది. పేరు తెలిసినది తెరవమని అడిగిన మీ ఫంక్షన్‌కే. కాబట్టి గుర్తు పెట్టే ముందు మ్యాప్_ఎర్‌తో గానీ, ఎనీహౌ అనే క్రేట్ (రస్ట్ లైబ్రరీ)లోని విత్_కాంటెక్స్ట్‌తో గానీ ఆ పేరును జతచేయండి. అప్పుడు గుమాస్తా తెర మీద వచ్చే మాట ఇలా ఉంటుంది: "బండి ఖాళీ తూకం తీసుకోలేకపోయాను: ధరల ఫైలు రేట్స్ తెరవలేకపోయాను: ఆ పేరుతో ఫైలు లేదు." ఎడమ నుంచి కుడికి ఒక్కో ముక్కను ఒక్కో అంచె చేర్చింది. ఫోనులో ఆ వాక్యం చదివి వినిపిస్తే చాలు, మీరు ఇంట్లో ఉండి కూడా ఏం చేయాలో చెప్పగలరు.

రకాలు విడగొట్టడంలో మొదట్లో అందరం చేసే పొరపాటు ఒకటుంది. ఎర్రర్ ఎక్కడి నుంచి వచ్చిందనే దాన్ని బట్టి ఎనమ్ (రకాల జాబితా) రాస్తాం: ఐవో ఎర్రర్, అంకె మార్పిడి ఎర్రర్, యూటీఎఫ్ ఎర్రర్ అని. పిలిచినవారికి ఆ విభజన అక్కరకు రాదు. అంకె మార్పిడి చెడినా, యూటీఎఫ్ చెడినా వారు చేసేది ఒకటే, మళ్లీ చదవడం. అందుకే పిలిచినవారు వేర్వేరుగా ఏం చేయాల్సి ఉంటుందో దాన్ని బట్టి విడగొట్టండి. మీ కాటాకు నాకు తోచినవి నాలుగు. లైను చెడింది, మళ్లీ చదవవచ్చు. గడువులోపు తూకం నిలవలేదు, బండిని సరిగా నిలపమని చెప్పాలి. మోతాదు మించింది, ఎన్నిసార్లు చదివినా లాభం లేదు. పోర్టే పోయింది, కేబుల్ చూడాలి. అసలు కారణమైన ఐవో ఎర్రర్‌ను పారేయకుండా లోపల ఉంచి, ఎర్రర్ ట్రెయిట్‌లోని సోర్స్ పద్ధతి ద్వారా అందుబాటులో ఉంచండి. ఈ ఎనమ్ రాసే శ్రమను దిస్ఎర్రర్ క్రేట్ చాలా తగ్గిస్తుంది. కాటా చదివే భాగానికి దిస్ఎర్రర్, మెయిన్‌కూ చీటీ భాగానికీ ఎనీహౌ, ఇదీ నేను పాటించే పంపకం. నిర్ణయం తీసుకోవలసిన చోట రకం కావాలి, చెప్పి ఊరుకునే చోట మాట చాలు.

రెండు జాగ్రత్తలు. మీ ఎనమ్‌ను మెయిన్ నుంచి నేరుగా ఎర్‌గా తిరిగి పంపితే అది డీబగ్ రూపంలో, అంటే ప్రోగ్రామర్ల కోసం ఉన్న రూపంలో అచ్చవుతుంది, గుమాస్తాకు అర్థం కాదు. మెయిన్‌లో పట్టుకుని, సోర్స్ గొలుసు వెంట నడిచి మీరే అచ్చు వేయండి. అలాగే, ఒకే ఎర్రర్‌ను లాగ్‌లో రాసి మళ్లీ పైకి కూడా పంపవద్దు. నాలుగు అంచెలు అలా చేస్తే ఒక్క వైఫల్యం లాగ్‌లో నాలుగుసార్లు కనిపిస్తుంది, అర్ధరాత్రి చదివేవారికి నాలుగు వేర్వేరు సమస్యలని అనిపిస్తుంది. పైకి పంపేవారు పంపాలి, పట్టుకున్నవారు రాయాలి.


కొండారెడ్డిబురుజు, కర్నూలు:

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, చెడిన లైనును వదిలి తరువాతిది చదవమన్న చోట ఒక అభ్యంతరం ఉంది. నోరెత్తకుండా వదిలేస్తే కేబుల్ రోజురోజుకూ పాడవుతున్న సంగతి ఎవరికీ తెలియదు. వదిలిన ప్రతి లైనునూ లెక్కపెట్టండి, గంటకు ఎన్ని వదిలామో లాగ్‌లో రాయండి, ఆ సంఖ్య ఒక హద్దు దాటితే తెర మీద చూపండి. వైఫల్యాన్ని భరించడం ఒకటి, మరచిపోవడం ఇంకొకటి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఏమిటంటే, అక్షరాలు చెడినప్పుడు మార్పిడి విఫలం కావడం అదృష్టం. 3620లో చివరి అంకె మధ్యలో పోతే 362 మిగులుతుంది, అది కూడా చక్కని అంకే. రిజల్ట్ ఓకే అంటుంది, కంపైలర్‌కు అభ్యంతరం ఉండదు, చీటీ తప్పు పడుతుంది. మీ ఇండికేటర్ లైను పొడవు ఎప్పుడూ ఒకటే అయి ఉంటుంది కాబట్టి మొదట పొడవు చూడండి, మొదటి రెండక్షరాలు మూడింటిలో ఒకటా కాదా చూడండి, వరసగా మూడు ఎస్‌టీ లైన్లు ఒకే తూకం చెప్పిన తరువాతే దాన్ని నమ్మండి. సీరియల్ అమరికలో పారిటీ (ప్రతి అక్షరానికీ జతచేసే పరీక్ష బిట్) పెట్టే వీలుంటే రెండువైపులా పెట్టండి. వీటిలో ఏది తప్పినా అదీ ఎర్రే, "లైను చెడింది" అనే మీ మొదటి రకమే.

ఇక రాసే వైపు సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. చీటీ వివరాలను బఫ్‌రైటర్ (రాసేవాటిని కొంతసేపు మెమరీలో పోగుచేసేది) ద్వారా ఫైలులో రాస్తున్నారనుకుంటాను. ఆ బఫ్‌రైటర్ తన జీవితకాలం ముగిసి డ్రాప్ అయినప్పుడు మిగిలిన బైట్లను రాయడానికి ప్రయత్నిస్తుంది గానీ, ఆ రాత విఫలమైతే ఆ ఎర్రర్‌ను మింగేస్తుంది. డ్రాప్‌కు రిజల్ట్ తిరిగి ఇచ్చే దారి లేదు మరి. డిస్కు నిండిపోయిన రోజున, అంటే లైనక్స్‌లో ఎర్రర్ 28 వచ్చిన రోజున, మీ ప్రోగ్రామ్ అంతా బాగుందని చెప్పి చీటీ అచ్చు వేస్తుంది, ఫైలులో మాత్రం ఏమీ ఉండదు. కాబట్టి పోగైనవాటిని ఫైలుకు పంపే ఫ్లష్‌ను మీరే పిలిచి దాని రిజల్ట్ చూడండి, ఆపై వాటిని డిస్కు మీదికి చేర్చే సింక్_ఆల్‌ను ఫైలు మీద పిలిచి దాని రిజల్ట్ కూడా చూడండి, రెండూ ఓకే అయ్యాకే చీటీ అచ్చు వేయండి. చీటీ రైతు చేతికి పోయిన తరువాత ఎర్రర్ తెలిస్తే దాన్ని వెనక్కి తీసుకోలేం.

అన్‌ర్యాప్ గురించి ఒక మాట. 2025 నవంబర్ 18న, సైట్లకు ముందు నిలిచి వాటి రాకపోకలు చూసే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ నెట్‌వర్క్ కూలి ఎన్నో సైట్లు ఆగిపోయాయి, గుర్తుందా? బాట్‌లను (మనుషుల్లా సైట్లకు వచ్చే ప్రోగ్రామ్‌లను) గుర్తించే అంశాల ఫైలు ఉన్నట్టుండి పెద్దదై, అంశాలు 200 దాటకూడదన్న హద్దును మించింది. కొత్త ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రామ్)లోని రస్ట్ కోడ్ ఆ ఎర్ మీద అన్‌ర్యాప్ పిలిచి పానిక్ అయ్యింది. ఆ సంస్థ ప్రచురించిన వివరణలో నన్ను ఆపిన వాక్యం మాత్రం పాత ప్రాక్సీ గురించినది. అది ఎర్రర్ చూపలేదు, వచ్చిన ప్రతి సందర్శకుడికీ బాట్ స్కోరు సున్నా వేసింది. తక్కువ స్కోరు బాట్‌కు గుర్తు కాబట్టి, ఆ స్కోరు చూసి బాట్‌లను ఆపే నియమం పెట్టుకున్న సైట్లలో మామూలు మనుషులు కూడా ఆగిపోయే పరిస్థితి వచ్చింది. మీ రెండు ప్రయత్నాలూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. బయటి నుంచి వచ్చే బైట్ల మీద, ఫైళ్ల మీద అన్‌ర్యాప్ తగదు. మన కోడ్‌లోనే తప్పుంటే తప్ప జరగదని నిరూపించగలిగిన చోట మాత్రం పానిక్ సరైనదే. అక్కడ కూడా ఎక్స్‌పెక్ట్ (కారణం రాసే వీలున్న అన్‌ర్యాప్) వాడి, ఎందుకు జరగదనుకున్నారో అందులో రాయండి.


కాటాగది, ఆదోని:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు ఆదివారాలు కూర్చుని మార్చాను. నాలుగు రకాల ఎనమ్ వచ్చింది, పదిహేడు అన్‌ర్యాప్‌లలో రెండే మిగిలాయి, వాటిని ఎక్స్‌పెక్ట్ చేశాను. చెడిన లైన్ల లెక్క పెట్టిన మొదటి రోజునే ఫలితం కనిపించింది. రాత్రిపూట గంటకు రెండో మూడో ఉండేవి మోటార్లు తిరిగే వేళ నలభై దాటాయి. వెళ్లి చూస్తే సీరియల్ కేబుల్ మోటారు కేబుల్‌తో కలిసి ఒకే పైపులో పోతోంది. దాన్ని విడదీసి వేరే గోడ మీదుగా వేయించాక రోజంతటికీ పది లోపే వస్తున్నాయి. కొండారెడ్డిబురుజు గారు అభ్యంతరం చెప్పకపోతే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఒక కొత్త చిక్కు వచ్చింది. యూఎస్‌బీ కన్వర్టర్‌ను ఊడదీసి మళ్లీ పెడితే పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 బదులు టీటీవైయూఎస్‌బీ1 అని వస్తోంది, నా ప్రోగ్రామ్ పాత పేరు కోసమే వెతుకుతోంది. ఇంకొకటి, కాటా చదవడానికి వేరే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కన సమాంతరంగా నడిచే పని) పెట్టి ఛానెల్ ద్వారా తూకం తెరకు పంపుతున్నాను. పరీక్ష కోసం ఆ థ్రెడ్‌లో కావాలని పానిక్ చేయిస్తే ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది, తెర మీద చివరి తూకం అలాగే నిలబడిపోయింది. ఇది చూసి నిజంగా భయం వేసింది.


పెన్నాతీరం, కడప:

భయపడవలసిన విషయమే, ముందే పరీక్షించి మంచి పని చేశారు. రస్ట్‌లో ఒక థ్రెడ్ పానిక్ అయితే మామూలుగా ఆ థ్రెడ్ మాత్రమే ముగుస్తుంది. ఆ వార్త మీకు రెండు దారుల్లో అందుతుంది: ఆ థ్రెడ్ ముగిసేదాకా వేచే జాయిన్ పిలిస్తే ఎర్ వస్తుంది, పంపేవారు ఎవరూ మిగలని ఛానెల్ నుంచి తీసుకోబోతే కూడా ఎర్ వస్తుంది. మీ తెర భాగం ట్రై_రెసీవ్ పిలిచి, ఓకే వస్తే తూకం మార్చి, రాకపోతే ఊరుకుంటోందని అనుకుంటున్నాను. ఆ ఎర్‌లో రెండు రకాలున్నాయి. ఎంప్టీ అంటే ఇంకా కొత్త తూకం రాలేదని, డిస్‌కనెక్టెడ్ అంటే పంపే థ్రెడ్డే లేదని. రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల పాత తూకం తెర మీద మిగిలిపోయింది. మ్యాచ్‌తో విడదీసి, డిస్‌కనెక్టెడ్ వచ్చిన వెంటనే తూకం గడిని ఖాళీ చేసి, చీటీ బటన్‌ను ఆపండి. ఎంప్టీకి కూడా ఒక గడువు పెట్టండి, రెండు సెకన్లపాటు కొత్త తూకం రాకపోతే తెర మీది అంకెను పాతదిగానే లెక్కించాలి.

పోర్టు పేరు విషయానికొస్తే, పాత పోర్టును మీ ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉండటం వల్ల కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) కొత్తదానికి 1 ఇచ్చింది. పోర్టు పోయిందనే ఎర్రర్ వచ్చినప్పుడు ముందు పాతదాన్ని డ్రాప్ చేసి, ఆ తరువాతే మళ్లీ తెరవడానికి ప్రయత్నించండి. డెవ్ కింద సీరియల్, దాని కింద బై-ఐడీ అనే చోట కన్వర్టర్ గుర్తింపుతో ఉండే పేరును సెట్టింగుల్లో రాసుకుంటే అంకె మారినా ఇబ్బంది ఉండదు.


కాటాగది, ఆదోని:

మీరు ఊహించినట్టే ఉంది, ఓకే రాకపోతే ఊరుకునేలా రాశాను. ఇప్పుడే విడదీశాను. రేపు ఉదయం మొదటి బండి వచ్చేలోపు, నిండు తూకం తీసిన తరువాత ఒకసారి, చీటీ అచ్చయ్యే ముందు ఒకసారి కన్వర్టర్‌ను చేత్తో ఊడదీసి, తెర మీద ఏ మాట వస్తుందో గుమాస్తా చేతనే చదివిస్తాను. ఆయనకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే మార్చి, ఇక్కడే రాస్తాను.